ఏడో మలుపులో ఊరికే నిలబడకూడదు

12వ రోజు
బళ్లు: 214. వాతావరణం: ఎండ. విశేషాలు: వెనకపేజీ చూడగలరు.

ఇంజనీరు హైమావతి మేడం ఈ పుస్తకం ఇచ్చి రోజూ మూడు గడులు నింపమన్నారు. విశేషాల గడి అగ్గిపెట్టంత కూడా లేదు. అందులో ఏం రాయను, నా పేరు రాస్తేనే నిండిపోతుంది. అందుకే పుస్తకం చివరనున్న ఖాళీ పేజీలు వాడుకుంటున్నాను. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం.

నా పేరు అసిరమ్మ. పెదగెడ్డ ఘాట్‌లో, ఏడో మలుపు కింది కొసన జెండా పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటుండేదని మా అమ్మమ్మ చెబితే చిన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు బళ్లన్నీ వాటంతట అవే నడుస్తాయి కదా, వాటికి మనిషి జెండా ఊపడమేమిటని. కానీ ఈ కొండంతా ఇనుపరాయి. ఇక్కడికి రాగానే బళ్లకు చెవుడు వస్తుంది, ఎక్కడి నుంచీ ఏ మాటా అందదు. కళ్లు మాత్రం పనిచేస్తాయి. ఎర్రజెండా అంటే ఆగు, పచ్చజెండా అంటే పద అనే పాత ముక్క ప్రతి బండి బుర్రలోనూ ఇంకా ఉందట. అందుకని రోడ్ల శాఖవాళ్లు ఊరూరా వెతికి ఇద్దరిని పట్టుకున్నారు. కింది కొసకి నన్ను, పై కొసకి గవరయ్య బాబాయిని.

బాబాయికి అరవై ఎనిమిదేళ్లు. చేత్తో లారీ నడిపిన ఆఖరి తరం మనిషి. పైన చిలకలమండలో ఉంటాడు. ఉద్యోగంలో చేరిన రోజున ఒక్కసారి చూశాను, అంతే. మిగతాదంతా తీగ టెలిఫోనులోనే. ఆ తీగలో ఎప్పుడూ ఘల్లుఘల్లుమని ఒకటే చప్పుడు. మేడంకి మూడుసార్లు ఫిర్యాదు చేశాను. మనిషి వచ్చి చూసి, తీగ బాగానే ఉందని చెప్పి, నా టీ తాగి పోయాడు.

మృగశిర కార్తెకి ఇంకా నలభై రెండు రోజులు. ఆలోపు రోడ్డుని మోసే గోడ లేచి రోడ్డు పడాలి. పోయిన వానల్లో గోడ కూలి చిలకలమండకు నాలుగు నెలలు దారి లేకుండా పోయింది. ఎగిరే అంబులెన్సులకు ఈ కొండ దగ్గర దిక్కు తెలియదు. ముగ్గురు గర్భిణులను డోలీ కట్టి భుజాల మీద దించారు. అందులో ఒకామె కేకలు నేను మా గుమ్మంలోంచి విన్నాను. నా చెల్లెలు ఎర్నమ్మ ఆ ఊరి కోడలే. దానికిప్పుడు ఏడో నెల, ఆషాఢంలో పురుడు. అది డోలీలో దిగకూడదు. నేనీ ఉద్యోగంలో చేరింది అందుకే. గొడుగు, టోపీ ఉచితంగా ఇస్తారని కూడా చేరాను, అబద్ధమెందుకు.

14వ రోజు
బళ్లు: 131. ఎండ. విశేషాలు: కర్ర పోయింది.

పని జరిగేచోట సగం రోడ్డే ఉంది కాబట్టి ఒకసారికి ఒకవైపు బళ్లే వెళ్లాలి. అవతలి కొస కనిపించదు, మధ్యలో మలుపు. దానికి బాబాయి పాతకాలపు పద్ధతి ఒకటి పెట్టాడు. ఇరవై ముప్ఫై బళ్లు వదిలి, ఆఖరి బండి వెనక కొక్కేనికి మూరెడు కర్ర ఒకటి తగిలిస్తాం. దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. తోక కర్ర అంటాం. అది అవతలి మనిషి చేతికందితే దారి ఖాళీ అయినట్టు. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లే బళ్లు వదలాలి. కర్ర లేకుండా దేవుడొచ్చినా వదలకూడదు.

ఈరోజు బాబాయి బస్సులోని వాళ్లతో కబుర్లలో పడి, దాని వెనకాలే వచ్చిన ఉల్లిపాయల లారీ నుంచి కర్ర తీయడం మరిచిపోయాడు. కర్ర రాయగడ వెళ్లిపోయింది. రెండు వైపులా బళ్లు గంటన్నర ఆగాయి. మేడం ఎండలో నడిచి దారి ఖాళీగా ఉందని కళ్లారా చూసుకుంటే గాని మాకు మళ్లీ మొదలుపెట్టే వీలు కలగలేదు.

"బాబాయి, కర్ర ఏదీ?"

"ఉల్లిపాయలతో ఎల్లిపోనాదే తల్లీ. రాయగడోల్లు పులుసులో ఏసీసుంతారు."

సాయంత్రానికి కొత్త కర్ర వచ్చింది. చిలకలమండవాళ్లు పోయినేడాది డోలీ మోసిన బొంగును కోసి, అందులోంచి మూరెడు ముక్క ఇచ్చారట. ఇక దీనికింద మనుషులు వేలాడకూడదు అన్నారట. పట్టుకుని చూశాను. భుజాల రాపిడికి నున్నగా అరిగి ఉంది.

17వ రోజు
బళ్లు: 226. ఎండ. విశేషాలు: నీళ్ల ట్యాంకరుకు తొందరెక్కువ.

నేను పచ్చజెండా ఎత్తకముందే ముందున్న ట్యాంకరు బెత్తెడు కదిలింది. ఏటవాలు కదా, జారిందేమో అనుకున్నాను. మధ్యాహ్నం సిమెంటు లారీ కూడా జారింది. సాయంత్రం పాల వ్యాను మూరెడు జారింది. ఇన్ని బళ్లు ఒకే రోజు జారడం ఏమిటని బాబాయిని అడిగాను.

"నాకాడ ఏదీ జారడం నేదే. నీ మొకం సూసి జడుసుకుంతన్నాయేమో."

ముసలాయనకి నోటి దురుసు.

21వ రోజు
బళ్లు: 198. గాలి. విశేషాలు: మొదటి తప్పు.

కర్ర ఇంకా నా చేతికి రాలేదు. పైనుంచి బళ్లు దిగుతూనే ఉన్నాయి. నా ఎర్రజెండా నిటారుగా నిలబడి ఉంది. ఇంతలో గాలికి పైట లేస్తే తీసి నడుములో దోపుకున్నాను. అంతే, ముందున్న కూరగాయల లారీ బయల్దేరింది!

జెండా ఊపుతూ కేకలేస్తూ దాని ముందుకు పరిగెత్తాను. తారు కలిపే సన్యాసప్పడు మేస్త్రీ పార వదిలేసి గోడెక్కేశాడు. లారీ నా ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. ఎదురుగా దిగుతున్న బస్సు కూడా ఆగింది. టమాటాలు మాత్రం ఆగలేదు.

మేడం వచ్చారు. చాలాసేపు బళ్ల కళ్లలో నిలిచిన బొమ్మలు తిరగేసి చూశారు.

"అసిరమ్మగారూ, బాబాయి ఫోనులో వదులు అనగానే మీరేం చేస్తారు?"

"ఏటి సేత్తానమ్మా, జెండా ఎత్తుతాను."

"దానికి ముందు?"

నాకు తెలియదు. ఆవిడ చూపించారు. నా బొమ్మ నాకే. ఫోను పెట్టేస్తాను, పైట దోపుకుంటాను, అప్పుడు జెండా ఎత్తుతాను. ప్రతిసారీ. రోజుకి పదిసార్లు. బళ్లు అది పట్టేశాయి. కిందున్న చార్జింగ్ అడ్డాలో నిలబడ్డప్పుడు చూసినవన్నీ ఒకదానికొకటి చెప్పుకుంటాయట. ఏడో మలుపులో ఒకామె ఉంది, జెండా కోసం చూడనక్కర్లేదు, పైట చూసుకుంటే చాలని.

నా పైట గురించి లారీలు చెప్పుకోవడమేమిటి! ఒళ్లు మండిపోయింది. మేడం మాత్రం నవ్వలేదు. ఎర్రజెండా దాటి బండి కదిలితే అది ఒక తప్పు. మూడు తప్పులైతే పని ఆపి విచారణ పెడతారు. విచారణ తేలేసరికి వానలు వెళ్లిపోతాయి.

22వ రోజు
బళ్లు: 207. ఎండ. విశేషాలు: పైటకి నాలుగు పిన్నులు.

శాఖవాళ్లు ఇచ్చిన నారింజ కోటు బొత్తాలన్నీ పెట్టేసుకున్నాను. పైట ఇక కనిపించదు. బళ్లు తికమకపడి బుద్ధిగా నిలబడ్డాయి. చూసి ఎంత సంతోషించానో.

27వ రోజు
బళ్లు: 219. ఎండ. విశేషాలు: సంతోషం అయిదు రోజులే.

మళ్లీ మొదలు. ఈసారి నా నవ్వు పట్టేశాయి. బాబాయి వదులు అనే ముందు ఏదో ఒక కొంటెమాట అంటాడు. నేను నవ్వుతాను. నా పళ్లు కనబడగానే బళ్లు ముందుకి. మేడం గమనించి చెప్పాక బాబాయికి ఫోను చేశాను.

"బాబాయి, రేపట్నుంచి నన్ను నవ్వించొద్దు."

అవతల చాలాసేపు ఘల్లుఘల్లుమనే చప్పుడే వినిపించింది.

"మరేటి మాటాడమంతావే?"

"వదులు, ఆపు. ఈ రెండే."

32వ రోజు
బళ్లు: 221. ఎండ. విశేషాలు: ఏమీ లేవు.

నిజంగానే లేవు. వదులు. ఆపు. వదులు. ఆపు. అయిదు రోజులుగా ఇదే. మొహం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, రాయిలా నిలబడుతున్నాను. బతుకు చప్పగా ఉంది. రోజంతా మాట్లాడే మనిషి రెండు మాటల మనిషైపోతే ఇంత దిగులుగా ఉంటుందని అనుకోలేదు. బాబాయి కూడా దిగులుగానే ఉన్నట్టున్నాడు, తీగలో ఘల్లుఘల్లు కూడా నెమ్మదించింది.

34వ రోజు
బళ్లు: 160. ఉక్క. విశేషాలు: రెండో తప్పు. కందిరీగ.

మెడ మీద కందిరీగ వాలింది. కదిలితే కుడుతుందని బిగుసుకుపోయాను. బస్సు బయల్దేరింది. మనుషులున్న బస్సు. ఎదురుగా రోలరు వెనక్కి వస్తోంది. రోలరు మీదున్నవాడు చూసుకుని తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. కందిరీగ ఆ తర్వాత కుట్టనే కుట్టింది.

మేడం ఫోను ఉండే నా రేకు గుడిసెలో బల్ల మీద కూర్చుని తల పట్టుకున్నారు.

"ఏ కదలికా కనిపించకూడదని, జెండా ఎత్తే ముందు మీరు ఊపిరి బిగబడుతున్నారు. ఇప్పుడు వాటికి అదే గుర్తు. మీరు ఎంత దాచుకుంటే వాటికి అంత బాగా తెలుస్తోంది."

"నా బదులు మరోల్లని ఎట్టండమ్మా."

"పెట్టినా నాలుగు రోజుల్లో వాళ్లనీ చదివేస్తాయి. చెయ్యెత్తే యంత్రస్తంభం అడిగాను, రావడానికి నెల పడుతుందట. మనకి ఉన్నవి ఇరవై రోజులు." టోపీ తీసి విసురుకున్నారు. "నాకు అర్థం కానిది ఒక్కటే. పైన గవరయ్యగారి దగ్గర ఒక్క బండి కూడా తొందరపడలేదు. ఏం చేస్తున్నారని అడిగితే, నానేటీ సెయ్యనమ్మా, అంటారు."

ఈ రాత్రి నిద్ర రాలేదు, కళ్లు మూస్తే డోలీలో చెల్లెలే. భయమేసింది. రాసుకుంటే తగ్గుతుందని రాస్తున్నాను.

35వ రోజు
బళ్లు: లేవు, రోలరు మరమ్మతు. విశేషాలు: చాలా ఉన్నాయి.

పని లేదు కాబట్టి పనివాళ్ల భోజనాల వ్యాను ఎక్కి పైకి వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను. పై కొసకి ఇంకా కాస్త దూరం ఉండగానే ఆ చప్పుడు వినిపించింది. ఘల్లు, ఘల్లు, ఘల్లు. ఇక్కడ తీగ లేదే అనుకున్నాను.

మలుపు తిరిగేసరికి బాబాయి కనిపించాడు. కాళ్లకు గజ్జెలు. పంచె ఎగగట్టి, ఒక చేతిలో ఎర్రజెండా, ఒక చేతిలో పచ్చజెండా, రోడ్డు పక్కన ముందుకి నాలుగడుగులు, వెనక్కి రెండు, ఓ గిరకీ, ఓ గెంతు. ఎదురుగా బళ్లు లేవు, పనీ లేదు, అయినా ఆడుతున్నాడు. నన్ను చూసి కొయ్యబారిపోయాడు. దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా జెండాలు వెనక్కి దాచుకున్నాడు.

"ఏటి బాబాయి ఇది?"

"తప్పెటగుళ్లే. సిన్నప్పుడు మా ఊరి జట్టులో ముందాట నాదే." చూపులు నేలమీదే ఉన్నాయి. "నిలబడితే మోకాళ్లు బిగిసిపోతన్నాయమ్మా. సెప్పితే ముసిలోడివి, పన్జెయ్యలేవని తీసేత్తారు. అందుకని ఎవులికీ సెప్పనేదు. మేడంకి సెప్పకే."

గట్టున కూలబడిపోయాను. ఎనిమిది రోజులుగా దాచుకున్న నవ్వంతా ఒక్కసారి వచ్చేసింది, దాంతోపాటు ఏడుపు కూడా. మూడుసార్లు ఫిర్యాదు చేసిన తీగ చప్పుడు ఆయన గజ్జెలది! బళ్లు ఆయన్ని ఎందుకు చదవలేకపోయాయో అర్థమైపోయింది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆడుతూనే ఉండే మనిషిలో ఏ గెంతు దేనికి గుర్తని పట్టుకుంటాయి? చివరికి చచ్చినట్టు జెండానే చూస్తాయి.

"బాబాయి, నాకు నేర్పు."

"ఏటీ?"

"నాలుగడుగులు నేర్పు. బేగి నేర్పు."

36వ రోజు
బళ్లు: 203. ఎండ. విశేషాలు: చెప్పుకోవాలంటే సిగ్గు.

నలభై ఆరేళ్ల మనిషిని, నారింజ కోటు వేసుకుని, గజ్జెలు కట్టుకుని, నడిరోడ్డు పక్కన గెంతుతున్నాను. సన్యాసప్పడు మేస్త్రీ పార మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. బస్సులో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె అరటిపండు ఇచ్చింది.

బళ్లకు మాత్రం మతిపోయింది. దీపాలు వెలిగిస్తాయి, ఆర్పేస్తాయి. పైట దోపాను, నవ్వాను, ఊపిరి బిగబట్టాను, గిరకీ తిరిగాను. ఒక్కటీ కదల్లేదు. పచ్చజెండా ఎత్తాక కూడా రెండు క్షణాలు ఆలోచించి, అప్పుడు బయల్దేరాయి. మేడం చూసి మొదట నోరు తెరిచారు, తర్వాత టోపీ తీసి దానితో మొహం దాచుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి. బాబాయి మోకాళ్ల సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ తీసెయ్యలేదు సరికదా, సాయంత్రానికే ఆయనకి మోకాలి నూనె పంపించారు.

ఫోనులో కొంటెమాటలు మళ్లీ మొదలయ్యాయి. హాయిగా ఉంది.

44వ రోజు
బళ్లు: 232. మబ్బు. విశేషాలు: పిక్కలు పట్టేశాయి.

ఎనిమిది రోజులుగా తప్పు లేదు. గోడ లేచింది, ఇక రోడ్డు పడాలి. నాకు పదకొండు అడుగులు వచ్చు. బాబాయి ఇంకా నా గిరకీ బాగోలేదంటాడు. ఆయన చూడలేదు, గజ్జెల చప్పుడు విని చెబుతాడు.

51వ రోజు
బళ్లు: లెక్కపెట్టలేదు, మన్నించాలి. గాలి, ఉరుము. విశేషాలు:

నా వైపు ఇరవై ఏడు బళ్లు ఆగి ఉన్నాయి. కర్ర పైన ఉంది. ఫోను మోగింది. బాబాయి గొంతులో కొంటెతనం లేదు.

"అసిరీ, ఆడడం ఆపకుండా ఇను. ఆపకు. మీ ఎర్నమ్మకి నొప్పులొచ్చేసినాయి. నెల ముందే. జీపెక్కించినాం. దాన్నొక్కదాన్నే వదిలినాను, కర్ర దాని ఎనకాలే తగిలించినాను. పదకొండు నిమిషాల్లో నీకాడికొత్తాది."

వింటూనే నా కాళ్లు ఆగిపోయాయి. ఆపకు అన్నాడు గాని, ఆగిపోయాయి. ఊపిరి కూడా ఆగింది. ముందున్న ఇనుపకడ్డీల లారీ దీపాలు రెండూ వెలిగాయి. అది ఎక్కడో అడుగున ఇంకా గుర్తుపెట్టుకుంది. అసిరమ్మ బిగుసుకుంటే దారి ఇచ్చినట్టేనని. దాని చక్రం కదలడం నేను చూశాను, అర చక్రం.

ఆ సగం రోడ్డు మీదే నా చెల్లెలు దిగుతోంది.

గజ్జెకాలు నేలకేసి కొట్టాను. ముందుకి నాలుగు. వెనక్కి రెండు. గిరకీ. ఎర్రజెండా దించకుండా మళ్లీ ముందుకి నాలుగు. లారీ ఆగింది. దీపాలు ఆరాయి. ఏడుస్తూ ఆడాను. ఏడుపు కూడా దేనికో గుర్తని పట్టుకుంటాయేమోనని నవ్వాను. నవ్వుతూ తిట్టాను, లారీని, ఉరుముని, నెల ముందే తొందరపడ్డ మా చెల్లెల్ని. ఫోను తీగకి వేలాడుతోంది. అందులోంచి బాబాయి గజ్జెలు వినిపిస్తూనే ఉన్నాయి. నాతోపాటు ఆయన కూడా పైన ఆడుతున్నాడు, నా అడుగు తప్పకుండా తాళం ఇస్తున్నాడు. పదకొండు నిమిషాలు అంత పొడుగుంటాయని నాకు తెలియదు.

జీపు మలుపు తిరిగింది. నా పక్కకొచ్చి ఆగింది. ఎర్నమ్మ సీటు గట్టిగా పట్టుకుని, చెమటలో తడిసిపోయి, అద్దంలోంచి నన్ను చూసింది.

"ఓలప్పా! ఏటా గెంతులు!"

ఆ స్థితిలోనూ నవ్వింది. నేను ఆగలేదు. ఆడుతూనే జీపు వెనక్కి వెళ్లి, ఆడుతూనే కర్ర తీసి, జీపుని పొమ్మని చెయ్యి ఊపాను. జీపు వెళ్లిపోయింది. డోలీ బొంగు ముక్క నా చేతిలో ఉంది. నా చెల్లెలు దాని కింద వేలాడలేదు, దాని ముందు కూర్చుని దిగింది.

అప్పుడు పచ్చజెండా ఎత్తి, ఇరవై ఏడు బళ్లనూ వదిలాను.

53వ రోజు
బళ్లు: 240. తొలకరి. విశేషాలు: ఆడపిల్ల. చిన్నదే గాని గొంతు పెద్దది.

రోడ్డు పూర్తయింది. మూడో తప్పు జరగలేదు. పుస్తకం మేడంకి ఇచ్చేశాను. ఆవిడ మూడు గడుల కాగితాలు మాత్రం చింపుకుని, మిగిలిన పుస్తకం నాకే తిరిగిచ్చేశారు. పైవాళ్లకి ఇవి చాలు, ఆ మిగతావి మీవే అన్నారు. చదివినట్టే ఉన్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పని అయిపోయాక 83వ రోజు
బళ్లు: 1. వాన. విశేషాలు: రెండు పేజీలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

ఎర్నమ్మ పాపకి మూడో నెల వచ్చింది. తల్లీపిల్లలను చిలకలమండలో దించడానికి బస్సెక్కాను. జోరు వానలో, నల్లగా నిగనిగలాడే రోడ్డు మీద, పోయినేడాది ఈ రోజుల్లో దారే లేని చోట, బస్సు నింపాదిగా ఎక్కుతోంది. ఏడో మలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ముందు ఏమీ లేదు. పని లేదు, జెండా లేదు. అయినా ఆగింది. దీపాలు వెలిగించింది, ఆర్పింది. ఖాళీ రోడ్డు పక్కన నేను నిలబడే చోటుకేసి చూస్తోంది. రెండు నెలలుగా అన్ని బళ్లూ ఇంతేనట. ఇక్కడికి రాగానే నెమ్మదించి కాసేపు వెతుక్కుని వెళతాయట. అడ్డాలో ఒకదానికొకటి చెప్పుకున్నట్టున్నాయి. ఇదైతే మరీ మొండిది, ఎంతసేపైనా కదలదు. బస్సులో వాళ్లు గొణుగుతున్నారు.

"అప్పా, ఇదంతా నీ గురించే. దిగి సూడు," అంది ఎర్నమ్మ.

గొడుగేసుకుని, ఈ పుస్తకం ఉన్న సంచీ తగిలించుకుని దిగాను. చుట్టూ చూసి, ముందుకి నాలుగడుగులు వేశాను. వెనక్కి రెండు. ఓ గిరకీ. చెయ్యెత్తాను.

బస్సు ఆనందంగా హారన్ కొట్టి వెళ్లిపోయింది. నన్ను వదిలేసి. వెనక అద్దంలోంచి ఎర్నమ్మ పాప చెయ్యి పట్టుకుని నాకేసి ఊపుతోంది, నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది.

నా రేకు గుడిసె ఇంకా ఉంది. తీగ టెలిఫోను కూడా ఉంది. ఇప్పుడే మోగింది.

"సెల్లీ, పాపా దిగినారు. నువ్వేవే?"

"నీ ఆట నేర్చుకున్న పాపానికి రోడ్డు మీదున్నాను బాబాయి."

"గిరకీ తిరిగుంతావు. అదే బాగోనేదు నీది." ఘల్లుఘల్లుమంది. "బేగి రా. ఉయ్యాల కట్టీసినాం. గుడ్డ ముడుసుకోకుండా అడ్డానికి మన తోక కర్ర ఎట్టినాను. మూరెడు, సరిగ్గా సరిపోనాది."

తర్వాతి బస్సు రెండు గంటలకి. అది కూడా ఇక్కడ ఆగుతుంది, అనుమానం లేదు. ఈసారి ముందు ఎక్కి కూర్చుని, ఆ తర్వాతే కిటికీలోంచి చెయ్యి ఊపుతాను.